లక్ష్మివారం రూపాయలు

దసరా వెళ్ళిన మర్నాడు మేస్త్రి చినబాబు మా ఇంటి ముందు బండి ఆపి, దిగకుండానే అడిగాడు.

"ఏటి బావా, ఈ తడవ నీ పేరు రాసుకోనా, మాననా? హైదరాబాదుల కొత్త సైటు. వేసవి దాకా పనికి లోటు నేదు. లక్ష్మివారంలోగా సెప్పీకపోతే నీ జాగాల ఇంకోడొస్తాడు."

మా ఆయన నరసింగరావు అరుగు మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "సెప్తాన్రా," అన్నాడు.

"పోయినేడూ ఇలాగే అన్నావు. తీరా రైలెక్కినాక నా సీటేదని నన్నే తిట్టినావు," అని నవ్వి చినబాబు బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మాది పొందూరు దగ్గర పల్లె. ఉన్నది ఎకరన్నర, అదీ వాన కురిస్తేనే. నాట్లు పడి, దసరా వెళ్ళాక మా ఊళ్ళో సగం మంది మగవాళ్ళు మేస్త్రిల వెంట బిల్డింగు పనులకి పోతారు. మా ఆయన పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టాడు. మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదు, ఆయన ఎత్తిన మేడల పేర్లు ఆయనకే తెలియవు. పోయినేడు సైటులో ఇనుము మోస్తూ కళ్ళు తిరిగి పడిపోయాడు. పక్కనున్నవాళ్ళు చొక్కా పట్టుకుని లాగబట్టి మెట్ల మీద పడ్డాడు గానీ, లేకపోతే అంతే. ఆ సంగతి నాకు వారం తర్వాత, అదీ వేరేవాళ్ళ నోట తెలిసింది. ఇంటికి వచ్చాక మామూలుగానే పొలానికి పోయేవాడు. ఒకనాడు గట్టు మీంచి వచ్చి కండువా తీసి, "ఓపిక నేదే తులసీ," అన్నాడు. అంతే. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మనిషి నోట నేను ఆ మాట వినలేదు.

రెండు గేదెలు ఉంటే చాలు, పాలకేంద్రానికి పాలు పోసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోవచ్చు. అది ఆయన లెక్క. మా పిల్ల హేమ పెళ్ళయి పాతపట్నంలో ఉంది, దాని బతుకు దానిది. మా ఇద్దరికీ రెండు గేదెలు చాలు. కానీ ఆ రెండు గేదెలు ఎక్కడినుంచి రావాలి?

అక్కడే ఆ రూపాయల మాట వచ్చింది.

మా అత్త జగ్గమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు ఇచ్చిన నాణేలు అవి. రాజు తలకాయ ఉన్న వెండి రూపాయలు ఏడు, కొన్ని చిల్లు కానీలు, తర్వాత ఎప్పుడో చేర్చిన తామరపువ్వు బొమ్మ ఇత్తడి ఇరవై పైసలు. రూపాయల్లో బాగా అరిగినదాన్ని పెద్ద రూపాయి అనేవాళ్ళం. మా మావగారి పొందూరు పంచె చించి ఆ గుడ్డలో మూట కట్టి దేవుడి గూట్లో పెట్టింది. మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటాం. మార్గశిరంలో ప్రతి లక్ష్మివారం తెల్లారకముందే తలస్నానం చేసి, ఇల్లు అలికి, పిండిముగ్గు పెట్టి, పీట మీద కుంచం నిండా కొత్త ధాన్యం పోసి, దాని మీద ఈ నాణేలు పేర్చి లక్ష్మీదేవిగా కొలుస్తాం. పేర్చేముందు వాటిని చింతపండు రసంలో నానబెట్టి, బూడిద అద్దిన కొబ్బరిపీచుతో తోమి, పసుపునీళ్ళలో కడగాలి. 

"మురికి ఉన్న కాడికి లచ్చిమి రాదే. బాగా తోము. రాజు మొకం అద్దంలాగ మెరవాల," అనేది మా అత్త. నేను తోమితే ఆమెకి నచ్చేది కాదు. నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ తోమేది. చేతులు వంగిపోయి మంచం పట్టాక కూడా, పక్కలోంచి తల ఎత్తి చూసి, "ఆ పెద్ద రూపాయి సూడు, సెవి పక్కన నలుపు ఉండిపోనాది," అనేది.

ఆమె పోయిన కార్తీకంలో కాలం చేసింది. ఏడాది మైల కాబట్టి ఆ మార్గశిరం పూజ చెయ్యలేదు. మూట విప్పలేదు. శ్రావణంలో మా ఆడపడుచు కొడుకు భాస్కర్ ఒకసారి చూసిపోదామని వచ్చాడు. శ్రీకాకుళంలో జిరాక్సు షాపులో పనిచేస్తాడు. మాటల్లో మా ఆయన ఆ మూట తెచ్చి వాడి ముందు విప్పాడు. వెండి అంతా నల్లబడిపోయి ఉంది. వాడు ఫోన్లో అన్నిటికీ ఫోటోలు తీసుకున్నాడు.

"మాకు తెలిసినాయన ఒకాయన ఉన్నారు మావయ్యా. పాత నాణేలు కొంటారు, అమ్ముతారు. అడుగుతాను," అన్నాడు.

దసరా ముందు రోజు వాడి ఫోను వచ్చింది. ఆ పెద్ద రూపాయి సంగతి ఏదో ఉందట, చేత్తో పట్టుకుని చూడాలన్నారట, అన్నీ తెమ్మన్నారట. మా ఆయన ఫోను పెట్టేసి నావంక చూశాడు. ఆ చూపులో ఆశ ఉందని అనను. ఆశ పెట్టుకోవచ్చా అని అడుగుతున్నట్టు ఉంది.

నాకు మాత్రం భయం వేసింది. దేవుడి గూట్లోవి, కుంచం మీద కూర్చున్నవి, అమ్మకానికి పెట్టడమా? మార్గశిర లక్ష్మివారం నాడు ఎవరు అప్పు అడిగినా ఇవ్వం, ఇంట్లోంచి పైసా బయటికి తియ్యం. అటువంటిది లక్ష్మినే తీస్తామా? దీపం పెట్టి చాలాసేపు నిలబడ్డాను. అమ్మా, ఆయన ఓపిక లేదంటున్నాడు, నీకు తెలియదా, అని అడిగాను. దీపం దానిపాటికది వెలిగింది. దేవుళ్ళు జవాబు చెప్పరు. మనకి కావలసిన జవాబే చెప్పారని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

బుధవారం వెళ్దామన్నాడు. లక్ష్మివారం, శుక్రవారం ఎలాగూ తియ్యలేం.

ఆ వేళ తెల్లారగానే లేచి మూట విప్పాను. ఆ నలుపు చూసి నాకే సిగ్గేసింది. ఏడాదిగా ఇల్లాలు ఇంట్లో ఉండీ లక్ష్మిని ఇలా పెట్టిందా అనుకోరూ? ఎవరింటికో పంపించే పిల్లని తల దువ్వకుండా పంపిస్తామా? చింతపండు నానబెట్టాను. మా అత్త ఎలా తోమేదో అలాగే తోమాను, చెవి పక్కన కూడా. పెద్ద రూపాయిని ఇంకాస్త ఎక్కువ తోమాను. ఆరబెట్టి, పసుపు అద్ది తుడిచి, కొత్త గుడ్డలో కట్టాను. మా ఆయన అప్పటికి గెడ్డం గీయించుకోడానికి వెళ్ళాడు.

మేం బయలుదేరుతుంటే పక్కింటి దానమ్మ పరిగెత్తుకొచ్చింది. రవికెలోంచి ఒక మడత తీసింది. ట్రాక్టరు బొమ్మ ఉన్న పాత అయిదు రూపాయల నోటు.

"ఒదినా, నాది కూడా పట్టుకెళ్ళు. ఫోన్ల సూపించినారు, ట్రాక్టరు నోటుకి లచ్చలు ఇస్తన్నారంట."

"లచ్చలొస్తే ఏటి సేస్తావప్పా?" అన్నాడు మా ఆయన.

"మొదాట మీ బావకి నోరు కుట్టిస్తాను. గవర్నమెంటాస్పత్రిల కాదు, ప్రైవేటుల."

ఇంట్లోంచి వాళ్ళాయన, "విన్నాన్లే," అన్నాడు. దానమ్మ, "వినాలనే అన్నాను," అంది. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆటోలో చిలకపాలెం, అక్కడినుంచి బస్సులో శ్రీకాకుళం. మూట నా ఒళ్ళో ఉంది. దారంతా మా ఆయన గేదెల గురించే మాట్లాడాడు. పాక ఎటు వెయ్యాలి, గడ్డి ఎవరి గట్టు మీద కోసుకోవచ్చు, చూడి గేదె కొంటే మంచిదా, ఈనినది కొంటే మంచిదా. ఆమదాలవలస సంతలో ఒక గేదెని చూశాడట, ఎప్పుడో, పోయిన ఏడు. కొమ్ములు ఎలా తిరిగి ఉన్నాయో చేత్తో చూపించాడు. నేను ఊ కొట్టాను.

ఆ షాపు ఏడురోడ్ల కూడలికి కొంచెం అవతల, మేడ మీద. కింద చెప్పుల కొట్టు, ఇరుకు మెట్లు. పైన గది సగం గడియారాలు, సగం నాణేలు. షాపతని పేరు ధర్మేంద్ర. వయసు యాభై లోపే ఉంటుంది, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. మాకంటే ముందు ఒకాయన వచ్చి, పది రూపాయల నోటు బల్ల మీద పెట్టి వాదిస్తున్నాడు. నోటు నెంబరులో ఏవో అదృష్టం అంకెలు ఉన్నాయట.

"ఫోన్ల ఆడు మూడు లచ్చలన్నాడు."

"అయితే ఆడికే అమ్ము బాబూ. నాకాడికి ఎందుకు తెచ్చినావు?"

"ఆడు ముందల ఫీజు కట్టమంతన్నాడు."

"అద్గదీ. కొనేవాడు డబ్బులిస్తాడు గానీ అమ్మేవాడిని అడుగుతాడా? ఆలోచించు."

ఆయన ఆలోచించలేదు. నోటు జేబులో పెట్టుకుని, ఇతన్ని నమ్మకూడదన్నట్టు చూస్తూ దిగిపోయాడు. ధర్మేంద్ర మాకు కుర్చీలు చూపించి, "రోజుకి ఇలాంటివాళ్ళు ఎంతమందో. ఫోన్లో ఎవడో చెప్పినది నిజం, ఎదురుగా కూర్చుని నేను చెప్పినది అబద్ధం," అన్నాడు. ఆ మాట విన్నాక దానమ్మ నోటు తియ్యాలంటే మొహమాటం వేసింది. అయినా మాట ఇచ్చాను కదా అని చూపించాను.

అతను చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఈ ట్రాక్టరు నోటుకి లచ్చలొస్తే ముందు నేనే అమ్ముకుందును, నాకాడ కట్టలున్నాయి. కూరగాయలు కొనుక్కోమని చెప్పమ్మా."

మా ఆయన భాస్కర్ పేరు చెప్పాడు. అతని ముఖం మారింది. "ఓ, మీరా! రండి, ఇటు జరగండి. ఆ ఫోటో చూసిన కాడ్నుంచి మీ కోసమే చూస్తున్నాను," అని బల్ల మీద పచ్చగుడ్డ పరిచాడు. కళ్ళజోడు దించాడు. కంటికి పెట్టుకునే భూతద్దం గుడ్డతో తుడుచుకున్నాడు. అంత మర్యాద చూసి మా ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

నేను మూట విప్పాను. రూపాయలు పచ్చగుడ్డ మీద ధగధగలాడాయి.

అతను వాటిని ముట్టుకోలేదు. కాసేపు అలాగే చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఎవరు కడిగారు?"

ఆ అడగడంలోనే నాకు తెలిసిపోయింది. ఏం తెలిసిందో మాత్రం చెప్పలేను. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అన్నాడు.

"నానే బాబూ. నల్లగా ఉన్నాయని నానే తోమీసినాను."

"ముట్టుకోవద్దని, అలాగే తెమ్మని భాస్కర్ మీకు చెప్పలేదా?"

"సెప్పినాడు. అలాగే తెమ్మన్నాడు. నాకే తట్టనేదు."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన నావంక చూడలేదు. భాస్కర్ చెప్పాడన్న మాట నిజమే. ఆ మాట ఈయన నాతో చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? దేవుడి గూట్లో ఉన్నవాటి సంగతి ఎప్పుడూ నాదే. అందులో చెప్పవలసినది ఏముందని ఆయనకి అనిపిస్తుంది?

ధర్మేంద్ర పెద్ద రూపాయిని అంచులు పట్టుకుని ఎత్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, "చింతపండు వాసన కూడా పోలేదు," అన్నాడు. కంటికి అద్దం పెట్టుకుని, దీపం కింద అటూ ఇటూ వంచి చూశాడు. తర్వాత ఫోను తీసి, భాస్కర్ పంపిన ఫోటో వెతికి, వేళ్ళతో పెద్దది చేసి మా ముందు పెట్టాడు. అందులో రూపాయి నల్లగా, మేమే గుర్తుపట్టలేనట్టు ఉంది.

"ఇదిగో, ఇక్కడ సంవత్సరం. మూడు అంకెలు తెలుస్తున్నాయి. నాలుగోది అరిగిపోయింది, కానీ దాని చుట్టూ పల్లంలో నలుపు పట్టి ఉంది. ఆ నలుపు వల్ల అంకె ఆనవాలు కొంచెం తెలుస్తోంది. చూశారా, పైన సున్నాలాగ, కింద తోకలాగ. నేను అనుకున్న అంకె అదే అయితే, ఆ రాజు బొమ్మతో వచ్చిన రూపాయల్లో ఆ ఒక్క ఏడాదివే తక్కువ దొరుకుతాయి. అరిగిపోయినా సరే కొనేవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు ఇది చూడండి."

చూశాం. అక్కడ ఏమీ లేదు. నున్నగా, తెల్లగా మెరుస్తోంది.

"పట్టడం లేదు. అరిగిపోయింది," అన్నాడతను, రూపాయిని ఇంకోసారి వంచి.

మా ఊరి రేషను డిపోలో మిషను మీద మా ఆయన బొటనవేలు పెట్టినప్పుడల్లా డీలరు కూడా ఈ మాటే అంటాడు. సిమెంటుకి వేలిముద్రలు పోయాయి. ఆయన చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెడతాడు, మళ్ళీ తుడుచుకుని మళ్ళీ పెడతాడు. వెనక వరసలో వాళ్ళు గొణుగుతారు.

"ఫోటో ఉన్నాది కదా బాబూ," అన్నాడు మా ఆయన. "ఫోటో సూపించి అమ్మలేమా?"

"ఫోటోని ఎవరు కొంటారండీ. వస్తువు చేతిలో పెట్టి చూపించాలి." కోపం వచ్చినవాడిలా అన్నాడు గానీ, వెంటనే గొంతు తగ్గించాడు. "ఎన్నేళ్ళుగా తోముతున్నారు వీటిని?"

ఈసారి నేనే చెప్పాను. మార్గశిరం సంగతి, మా అత్త సంగతి, కుంచం సంగతి. అతను తల ఊపుతూ విన్నాడు. "మా అమ్మా చేస్తుందమ్మా ఆ పూజ. ఆవిడా ఇలాగే తోముతుంది. మా ఇంట్లోవే నేను ఆపలేకపోయాను," అన్నాడు.

తర్వాత నేను అడక్కుండానే సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. అందులో ఒక రూపాయి, అదే రాజు, బొగ్గులా నల్లగా. దాని వెల చెప్పాడు. ఆ డబ్బుకి గేదె కాదు, గేదె, దూడ, పాక కూడా వస్తాయి.

"ఇంత నల్లదానికా బాబూ?"

"దీన్ని ఎవరూ ముట్టలేదు కదమ్మా. నాణేలు కొట్టే మింటులోంచి వచ్చినది వచ్చినట్టు ఎక్కడో గోడలో ఉండిపోయింది. అందుకే."

"ఎవులూ ముట్టుకోకపోతే అది డబ్బెలాగవుతాది?"

నేను ఎకసెక్కానికి అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాను. అతను నవ్వాడు, కానీ ఆలోచించాడు కూడా. "నాకూ తెలీదమ్మా. కొనేవాళ్ళకి అలాంటిదే కావాలి," అన్నాడు.

చిల్లు కానీలు, ఇరవై పైసలు ఊళ్ళో అందరిళ్ళల్లోనూ ఉన్నాయట. వెండి రూపాయలని కావాలంటే వెండి లెక్కన తీసుకుంటానన్నాడు. ఎంతవుతుందో చెప్పాడు.

"గేదె తోక కూడా రాదు," అన్నాడు మా ఆయన. తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత లేచి, "ఒద్దు బాబూ. అవి లచ్చిమివి. కరిగించుకోడానికి ఇవ్వం," అన్నాడు.

మెట్లు దిగుతూ నేను ఆ మాటే ఆలోచించాను. పొద్దున్న అమ్మడానికే కదా తెచ్చాం. ఎక్కువ వస్తే లక్ష్మి వెళ్ళడానికి ఒప్పుకుంటుందనీ, తక్కువైతే ఒప్పుకోదనీ మాకెవరు చెప్పారు? మా అత్త ఉంటే అడుగుదును. రాజు మొకం మెరవాలన్నది ఆమె. మెరిసింది. మెరిసి మెరిసి పోయింది. అందులో తప్పు ఉందని నాకు తోచలేదు. తప్పు లేదనీ తోచలేదు. అమ్మవారి కోసం చేసినదానికి అమ్మవారు కొంచెం అడ్డం పడవచ్చు కదా, ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఆపవచ్చు కదా, అనిపించింది. అలా అనుకున్నందుకు లెంపలు వేసుకోబోయి, చేతిలో మూట ఉండి మానేశాను.

తిరుగు బస్సు ఎక్కాం. చిలకపాలెంలో దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. పొందూరు ఆటో నిండితే గానీ కదలదు. టీ బడ్డీ రేకు కింద బల్ల మీద కూర్చున్నాం. మా ఆయన రెండు టీలు చెప్పాడు. హైవే మీద లారీలు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి.

"నువ్వెందుకన్నావు మావా, నువ్వు కడిగినావని?"

ఆయన టీ ఊదుకున్నాడు.

"నువ్వు కడిగినావంటే ఆయన నిన్ను సూస్తాడు గదే."

"సూస్తే?"

"ఆ సూపు నువ్వెప్పుడూ పడనేదు. నాను అలవాటు పడిపోనాను. ఇంజినీరు సూస్తాడు, మేస్త్రి సూస్తాడు, వాచ్‌మేనూ సూస్తాడు. నాకేటవదు."

నాకు ఏడుపు వచ్చింది. టీ తాగేశాను. వేడి టీ గొంతు కాల్చింది, అది మంచిదే అయింది.

"నీకు కోపం రానేదా నామీద?"

"వచ్చినాది. బస్సులో పాలకొండ రోడ్డు దాటేదాక ఉన్నాది. ఆ తర్వాత ఓపిక నేక ఒగ్గీసినాను." కొంచెం ఆగి, "భాస్కర్ సెప్పిన మాట నీకు సెప్పీసుంటే సరిపోను. మరి నా మీద నాకు రావాలి గదా. దానికీ ఓపిక నేదు," అన్నాడు.

ఫోను తీశాడు. నాకు తెలుసు ఎవరికో. రేపు లక్ష్మివారం. చినబాబు రెండో రింగుకే ఎత్తాడు. ఆ ఫోన్లో అవతలివాళ్ళ మాట పక్కవాళ్ళకీ వినిపిస్తుంది.

"సినబాబూ, నా పేరు రాసుకో."

"రాసీసినాను బావా, ఎప్పుడో రాసీసినాను. నువ్వు రాకపోతే నాకు సెంట్రింగు ఎవుడు సేస్తాడు?"

మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింద నీలంగా, మా అత్త చివరి రోజుల్లో ఉన్నట్టు ఉంది. ఈయన అక్కడ పడిపోయిన వారానికి గానీ నాకు తెలియలేదు. ఈసారి ఎన్నాళ్ళకి తెలుస్తుంది? నేను ఇక్కడ ఏం కాపలా కాస్తున్నాను? ముసలామె ఉన్నన్నాళ్ళూ ఆమె మంచం దగ్గర ఉండాలి, ఉన్నాను. ఇప్పుడు ఎవరు ఉన్నారు? ఇల్లూ, దీపమూ.

నేను ఫోను ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"సినబాబూ, నాను తులసిని. మీ సైటుల వంటకి మడిసి నేదని, వొచ్చినోళ్ళంతా పని సేసీసి వొచ్చి మళ్ళీ పొయ్యి రాజేసుకుంతన్నారని మొన్న మీ ఆవిడ సెప్పినాది. అవునా, కాదా?"

"అవునప్పా. ఎవుత్తీ రానంతాది. మొగోళ్ళం సగం ఉడికినది తిని సస్తన్నాం."

"అయితే నా పేరూ రాయి."

మా ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏటే, మతి పోనాదా నీకు?"

"మతి ఉండే అంటన్నాను."

"అక్కడ ఉండేది రేకుల షెడ్డే. నీళ్ళు ట్యాంకరు వస్తేనే. పక్కన పందులు తిరుగుతాయి. నీకు పొద్దున్న తానం సెయ్యకుండా పొయ్యి ముట్టడమే సేతకాదు. మార్గశిరం ఎక్కడ సేస్తావు? ఆ షెడ్డులకి లచ్చిమి వస్తాదా?"

"రాదని ఎవులన్నారు?"

అన్నాను గానీ, నాకు తెలియదు. వస్తుందో రాదో నాకు నిజంగా తెలియదు. మురికి ఉన్న చోటికి రాదని చిన్నప్పటినుంచీ విన్నాను. ఈ వేళ మురికి తోమేసి వచ్చాను. ఇక వినడం అయిపోయింది, చూడాలి అనిపించింది.

"పొలమో?" అన్నాడు.

"దానమ్మోళ్ళు సూస్తారు. కోతల నాటికి కావలిస్తే నువ్వు సైటుల ఉండు, నాను వచ్చి కోయించుకుని ఎల్తాను."

"నువ్వు అక్కడ ఇటికీ సిమెంటూ మొయ్యడం నాను సూడనేను తులసీ."

"మొయ్యను. వండుతాను. నువ్వు పడిపోతే ఈసారి ఎవులో సెప్పేదాకా ఆగను, నానే సూస్తాను. పడకుండా సూస్తాను. లేదంటే నువ్వూ మానీ. ఇద్దరం కలిసి ఇంటికాడే పస్తుందాం."

టీ బడ్డీ అతను గిన్నె కడుగుతూ మావంక చూసి మళ్ళీ తల తిప్పుకున్నాడు. చినుకులు పెద్దవయ్యాయి. రేకు మీద చప్పుడికి ఫోను చెవికి ఆనించుకోవలసి వచ్చింది. లోపల చినబాబు అరుస్తున్నాడు.

"బావా! లైన్ల ఉన్నావా? ఏటి సెప్పినారు మీరు? ఒక టిక్కెట్టా, రెండా? బేగి సెప్పు, తత్కాల్‌ల తియ్యాల!"

నేను ఫోను ఆయనకి ఇచ్చేశాను. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆటో డ్రైవరు పొందూరు, పొందూరు అని కేక వేశాడు. సంచులతో జనం లేచారు.

"రెండు రాయి," అన్నాడు మా ఆయన.

ఫోను జేబులో పెట్టుకుని, టీ డబ్బులు ఇచ్చి, కండువా విప్పి నా తల మీద కప్పాడు. ఆటోలో ఒక్క మనిషికే చోటు మిగిలింది. నన్ను లోపల కూర్చోమని, తను డ్రైవరు పక్కన అంచు మీద సర్దుకున్నాడు.